మీటింగుల్లో వినిపించే ఇంగ్లిష్ నుడికారాలు: తెలిసినట్టే ఉండి దారి తప్పించేవి ఏవి?

కొత్తకొలువు:

అందరికీ నమస్తే. ఇంగ్లిష్ ఇడియమ్స్ అని ఏ పుస్తకం తెరిచినా, ఏ వీడియో చూసినా అవే కనిపిస్తున్నాయి: 'పీస్ ఆఫ్ కేక్', 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్', 'బ్రేక్ ఎ లెగ్'. కంఠతా వచ్చేశాయి గానీ ఆఫీసు కాల్స్‌లో వాటిని అనేవాళ్లే లేరు. అక్కడ అనేవి వేరే ఉన్నాయి. టీమ్‌లో సగం లండన్, సగం న్యూయార్క్. ఈ వారం వినిపించినవి ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

1. 'లెట్స్ టేబుల్ దిస్.'
2. 'ద రిపోర్ట్ ఈజ్ క్వైట్ గుడ్.'
3. 'జస్ట్ గివ్ మీ ఎ బాల్‌పార్క్.'
4. 'ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్.'
5. 'షి డిడ్ ఇట్ ఆఫ్ హర్ ఓన్ బ్యాట్.'
6. 'లెట్స్ టాక్ అట్ హాఫ్ సెవెన్.'
7. 'సెండ్ ఇట్ బై క్లోజ్ ఆఫ్ ప్లే.'

వీటి అర్థం మాత్రమే కాదు, విన్నప్పుడు ఏం చేయాలి, మనం తిరిగి వాడొచ్చా అన్నది కూడా చెప్పగలరా?

---

మాటలమూట:

మీ జాబితాలో ప్రమాదమంతా మొదటి రెండింటిలోనే ఉంది. రెయిన్ చెక్ లాంటిది వినగానే ఇదేదో మనకు రాదని తెలిసిపోతుంది, అడుగుతాం లేదా వెతుక్కుంటాం. 'టేబుల్', 'క్వైట్' చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటలు. అర్థమైందనుకుని ముందుకు వెళ్లిపోతాం.

బ్రిటన్‌లో ఒక విషయాన్ని 'టేబుల్' చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో చర్చ ఆపి పక్కన పెట్టడం. ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఇదే మాట మీద చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. మనది బ్రిటిష్ వాడుక. అసెంబ్లీలో కాగ్ నివేదికను టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారనే. అందుకే మన చెవి లండన్ వైపు మొగ్గుతుంది. న్యూయార్క్ మేనేజర్ 'లెట్స్ టేబుల్ దిస్' అనగానే మనం స్లైడ్లు తెరుస్తాం, ఆయన తర్వాతి అంశానికి వెళ్లిపోతాడు.

పోల్చుకోవాలంటే వెనకాల వచ్చే ముక్క వినండి. 'ఫర్ నౌ', 'అంటిల్ నెక్స్ట్ వీక్' అని ఉంటే వాయిదా. బ్రిటిష్ నోట 'టేబుల్ ఎ ప్రపోజల్', 'టేబుల్ ఎ మోషన్' అని వస్తే ప్రతిపాదన. ఏదీ తేలకపోతే 'డు యు మీన్ నౌ ఆర్ లేటర్?' అని అడిగేయండి, నామోషీ ఏమీ లేదు. మీరు మాత్రం రెండు దేశాలవాళ్లూ ఉన్న గదిలో ఈ మాట ఎత్తవద్దు. వాయిదా వేయాలంటే 'లెట్స్ కమ్ బ్యాక్ టు దిస్ ఆన్ థర్స్‌డే', ఇప్పుడే కావాలంటే 'లెట్స్ డిస్కస్ దిస్ నౌ'. ('డిస్కస్' పక్కన 'అబౌట్' పెట్టకూడదు. తెలుగులో 'గురించి చర్చిద్దాం' అంటాం కదా, అక్కడి నుంచి దూరుతుంది.)

'క్వైట్ గుడ్' సంగతి ఇంకా సున్నితం. అమెరికన్ అంటే 'చాలా బాగుంది' అని పొగడ్త. బ్రిటిష్ అంటే చాలాసార్లు 'పర్వాలేదు, బాగానే ఉంది' అన్న స్థాయి. ఊనిక ఎక్కడ పడిందో వినాలి. బ్రిటిష్ గొంతులో 'క్వైట్' మీద ఒత్తి పలికితే ఆ వెనకాల 'కానీ' ఒకటి రాబోతోందని లెక్క. 'గుడ్' మీద ఒత్తితే కాస్త నయం. అయితే 'క్వైట్ రైట్', 'క్వైట్ ఇంపాజిబుల్' లాంటి చోట్ల బ్రిటన్‌లో కూడా 'పూర్తిగా' అనే అర్థం. ఎక్కువ తక్కువలు ఉండే గుణానికి ముందు వస్తే తగ్గిస్తుంది, ఉంటే ఉంది లేకపోతే లేదు అన్న గుణానికి ముందు వస్తే పెంచుతుంది. లండన్ నుంచి 'క్వైట్ గుడ్' వస్తే థాంక్స్ చెప్పి ఊరుకోకండి. 'వాట్ వుడ్ మేక్ ఇట్ బెటర్?' అని అడగండి, అసలు సంగతి అప్పుడు బయటికి వస్తుంది.

ఇదే కోవలోవి ఇంకో రెండు. 'మొమెంటరిలీ' అంటే అమెరికాలో 'కాసేపట్లో', బ్రిటన్‌లో 'కాసేపు'. విమానం 'మొమెంటరిలీ' దిగుతుందని అమెరికన్ ప్రకటన వస్తే, దిగి మళ్లీ లేచిపోతుందా అని బ్రిటిష్ ప్రయాణికుడు జోకు వేస్తాడు. 'మూట్ పాయింట్' అంటే బ్రిటన్‌లో ఎటూ తేలని, వాదించదగ్గ విషయం. అమెరికాలో ఇక చర్చించి ప్రయోజనం లేని విషయం.

---

నాలుగోస్టంప్:

3, 4, 5, 7 అన్నీ మైదానంలోంచి వచ్చినవి. అట్లాంటిక్‌కు అటువైపు బేస్‌బాల్, ఇటువైపు క్రికెట్. ఇక్కడ మనం బ్రిటిష్‌వాళ్లతో సమానం, ఇబ్బందంతా బేస్‌బాల్‌తోనే.

బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ ఆడే మైదానం. 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉరామరికగా చెప్పే అంకె, బంతి ఆ ఆవరణలో ఎక్కడ పడినా చాలన్నట్టు. ఇది అడిగినప్పుడు మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. అతి ఖచ్చితంగా చెబుతారు. 'ఎయిటీన్ డేస్' అన్నారంటే అది మాట ఇచ్చినట్టే నమోదవుతుంది. 'రఫ్లీ త్రీ టు ఫోర్ వీక్స్' అని రెండు అంకెల మధ్య చెప్పండి, ఏ షరతు మీద చెబుతున్నారో ఒక ముక్క కలపండి. ఇంతకంటే గట్టి అంకె ఎప్పుడివ్వగలరో ఆ తేదీ కూడా అప్పుడే చెప్పేస్తే మరీ మంచిది.

రెయిన్ చెక్ వాన వల్ల ఆట రద్దయినప్పుడు ఇంకో రోజు చూడ్డానికి పనికొచ్చే టికెట్టు. ఇప్పుడు 'ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్' అంటే 'ఈసారికి రాలేను, మరోసారి చూద్దాం' అని మర్యాదగా తప్పుకోవడం. ఆ 'మరోసారి' నిజంగా ఉంటుందన్న భరోసా లేదు. పట్టుబట్టి మళ్లీ తేదీ అడక్కండి. అవతలివాళ్లకు ఇష్టముంటే వాళ్లే ఎత్తుతారు. మనం అతిథిని మూడుసార్లు బతిమాలితే గానీ మర్యాద కాదనుకుంటాం, అక్కడ రెండోసారికే ఒత్తిడి కింద లెక్క.

'టచ్ బేస్' కూడా చేర్చుకోండి, రోజూ వినిపిస్తుంది. బేస్‌బాల్‌లో పరుగెత్తే ఆటగాడి ఒళ్లు బేస్‌కు (అతను చేరాల్సిన గుర్తుకు) తగులుతూ ఉంటేనే అతను భద్రం. వాడుకలో ఒక నిమిషం పలకరించి విషయం తెలుసుకోవడం. 'టచ్ ద బేస్' అని గానీ 'టచ్ బేసెస్' అని గానీ అనరు. 'లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే', అంతే.

ఐదోది తమాషా. రెండు దేశాల్లోనూ బ్యాటే గానీ అర్థాలు వేరు. బ్రిటన్‌లో 'ఆఫ్ హర్ ఓన్ బ్యాట్' అంటే ఎవరూ చెప్పకుండా తనంతట తానే చేసింది. తన బ్యాటుతో తానే చేసిన పరుగుల్లాగా. అమెరికాలో 'రైట్ ఆఫ్ ద బ్యాట్' అంటే మొదట్లోనే, వెంటనే. మొదటిదాంట్లో చొరవ ఉంది, రెండోదాంట్లో వేగం. ఈ రెండింటినీ కలిపేసి 'రైట్ ఆఫ్ మై ఓన్ బ్యాట్' అంటే రెండు వైపులా నవ్వుతారు.

బ్రిటిష్‌వాళ్లు 'స్టికీ వికెట్' అంటే చిక్కులో పడ్డ పరిస్థితి. పిచ్‌లను కప్పకుండా వదిలేసే రోజుల్లో వానకు తడిసిన పిచ్ ఎండకు ఆరుతున్నప్పుడు బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు, అక్కడి నుంచి వచ్చింది. 'ఆన్ ద బ్యాక్ ఫుట్' అంటే సమర్థించుకునే స్థితిలో పడటం. అనుకోకుండా ఎదురైన చిక్కు ప్రశ్నను అమెరికన్లు 'కర్వ్‌బాల్' అన్నచోట మనకు గూగ్లీ చాలు, కానీ వాళ్లతో గూగ్లీ అంటే సెర్చ్ ఇంజిన్ గుర్తొస్తుంది. అర్థం కాలేదనడానికి మనం 'బౌన్సర్ వెళ్లింది' అంటాం, ఇది మాత్రం ఇక్కడే వదిలేయండి. అక్కడ బౌన్సర్ అంటే ముందుగా గుర్తొచ్చేది పబ్బు గుమ్మం దగ్గర నిలబడే కండలవాడు.

---

గడియారంముల్లు:

6, 7 నాకు వదిలేయండి.

'హాఫ్ సెవెన్' అంటే బ్రిటిష్ నోట ఏడున్నర, 'హాఫ్ పాస్ట్ సెవెన్'లో మధ్య మాట మింగేసింది. మన ఏడున్నరలాగే ఉంది కాబట్టి సులువు. కానీ కాల్‌లో జర్మన్లు ఉంటే జాగ్రత్త, వాళ్ల భాషలో 'సగం ఏడు' అంటే ఆరున్నర. అమెరికన్లు 'క్వార్టర్ ఆఫ్ సెవెన్' అంటే పావు తక్కువ ఏడు, అంటే 6:45. అది ఏడుంపావు కాదు.

'క్లోజ్ ఆఫ్ ప్లే' టెస్టు మ్యాచ్‌లో ఆ రోజు ఆట ముగిసే వేళ. ఆఫీసులో పని ముగిసే వేళ, అమెరికన్లు 'క్లోజ్ ఆఫ్ బిజినెస్' లేదా 'ఎండ్ ఆఫ్ డే' అంటారు. ఎవరి ఊళ్లో ముగిసే వేళ అన్నదే గొడవంతా. లండన్ సాయంత్రం 5 అంటే మనకు వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. న్యూయార్క్ సాయంత్రం 5 అంటే వేసవిలో మర్నాడు తెల్లవారుజామున 2:30, చలికాలంలో 3:30. ఇద్దరూ గడియారాలు ఒకే రోజు మార్చరు. అమెరికా మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుస్తుంది. బ్రిటన్ మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. ఆ మధ్య వారాల్లో లండన్‌కూ న్యూయార్క్‌కూ తేడా 5 గంటలకు బదులు 4 గంటలే ఉంటుంది, కాల్స్ గందరగోళమయ్యేది అప్పుడే. అందుకని 'బై క్లోజ్ ఆఫ్ ప్లే' వినగానే 'ఫైవ్ పీఎం లండన్, రైట్?' అని ఊరి పేరు కలిపి తిరిగి చెప్పండి.

'ఫ్రైడే వీక్' అని బ్రిటిష్‌వాళ్లు అంటే వచ్చే శుక్రవారం కాదు, ఆపై వారం శుక్రవారం. 'నెక్స్ట్ ఫ్రైడే' అంటే ఏ శుక్రవారమో వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. 'ఫోర్ట్‌నైట్' (రెండు వారాలు) అమెరికాలో నడవదు. దాని బదులు 'బైవీక్లీ' అందామంటే దానికి వారానికి రెండుసార్లు, రెండు వారాలకోసారి అని రెండర్థాలూ ఉన్నాయి. 'ఎవ్రీ టూ వీక్స్' అనండి. తేదీని 04/05 అని ఎప్పుడూ రాయకండి. లండన్‌లో అది మే 4, న్యూయార్క్‌లో ఏప్రిల్ 5. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవే లేదు.

కాలం మాట వచ్చింది కాబట్టి ఒకటి అదనంగా. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఎప్పుడో గానీ జరగనిది. చంద్రుడు నీలంగా మారడంతో దీనికి పని లేదు. ఒకే ఇంగ్లిష్ నెలలో రెండు పున్నములు వస్తే రెండోదాన్ని 'బ్లూ మూన్' అనడం 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రికలో దొర్లిన పొరపాటుతో వ్యాపించింది. నుడికారం అంతకంటే పాతది. లెక్క మాత్రం మన అధికమాసం లెక్కే. పున్నమి నుంచి పున్నమికి సుమారు 29.5 రోజులు, నెలకు అంతకంటే కాస్త ఎక్కువ, ఆ మిగులు పోగై సుమారు 32-33 నెలలకోసారి ఒక పున్నమి ఎక్కువవుతుంది. 19 ఏళ్లకు సుమారు ఏడు. మన 'అమావాస్యకో పున్నానికో'ను దీనికి సరిగ్గా సమానం అనుకోవద్దు. మనది 'అప్పుడప్పుడూ ఎప్పుడో', వాళ్లది దాదాపు 'లేదనే అనుకో'.

---

కొత్తకొలువు:

ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. ఇంకో సందేహం. తెలుగులో ఉన్న నుడికారానికి అదే మాటలతో ఇంగ్లిష్‌లోనూ ఒకటి ఉన్నట్టు అనిపిస్తుంది. 'చెయ్యిచ్చాడు'కి 'గేవ్ ఎ హ్యాండ్' లాగా. పదానికి పదం పెట్టేయొచ్చా?

---

మాటలమూట:

మీరు ఎంచుకున్న ఉదాహరణే అన్నిటికంటే పెద్ద గొయ్యి. 'వెండర్ మాకు చెయ్యిచ్చాడు' అంటే ముంచాడు. 'ద వెండర్ గేవ్ అజ్ ఎ హ్యాండ్' అంటే సాయం చేశాడు. మీరు ఫిర్యాదు చేస్తున్నాననుకుంటారు, అవతల అతన్ని మెచ్చుకుంటారు. 'గివ్ హిమ్ ఎ బిగ్ హ్యాండ్' అంటే చప్పట్లు కొట్టమని. మన అర్థానికి మామూలుగా 'లెట్ అజ్ డౌన్'. ఒప్పుకుని చివరి నిమిషంలో తప్పుకుంటే 'బ్యాక్డ్ అవుట్'.

చెయ్యి దగ్గరే ఇంకొకటి. 'చేతులెత్తేశాడు'కి 'థ్రూ అప్ హిజ్ హ్యాండ్స్' చాలావరకు సరిపోతుంది. తొందరలో 'హ్యాండ్స్' మింగేస్తే మాత్రం 'హీ థ్రూ అప్', అంటే వాంతి చేసుకున్నాడు. 'రెయిజ్డ్ హిజ్ హ్యాండ్' అంటే ప్రశ్న అడగడానికో, పని నేను చేస్తాననడానికో చెయ్యెత్తాడు. అది పూర్తిగా వ్యతిరేకం. 'గేవ్ అప్' అనేస్తే ఏ గోలా లేదు.

'కాళ్లు పట్టి లాగడం' మనకు ఎదిగేవాణ్ణి కిందికి ఈడ్చడం. 'పుల్లింగ్ మై లెగ్' అంటే ఆటపట్టించడం, అందులో ద్వేషం లేదు. అక్కడ కాలు ఒక్కటే, 'లెగ్స్' అనకూడదు. 'మా మేనేజర్ నా కాళ్లు లాగుతున్నాడు' అని చెప్పుకోవాలంటే ఆ నుడికారం పనికిరాదు, 'హీ ఈజ్ అండర్‌మైనింగ్ మీ' అనాలి.

'బుర్ర తినకు' అన్న అర్థంలో 'డోంట్ ఈట్ మై బ్రెయిన్' మన దేశంలో చెల్లుతుంది, బయట భయపడతారు. పోలికకు దగ్గరగా ఉన్న 'కెన్ ఐ పిక్ యువర్ బ్రెయిన్?' చాలా మర్యాదైన మాట. మీకు తెలిసింది కాస్త నాకూ చెబుతారా అని. ఎవరైనా అలా అడిగితే విసుక్కోకండి, గౌరవిస్తున్నారు.

'లైట్ తీసుకో'ను 'టేక్ ఇట్ లైట్' అంటే అది ఇంగ్లిష్‌లో లేదు. 'డోంట్ వర్రీ అబౌట్ ఇట్' చాలు. 'మేక్ లైట్ ఆఫ్' మాత్రం ఉంది, దాని అర్థం ఎదుటివాళ్ల కష్టాన్ని తేలిక చేసి మాట్లాడటం. అది నింద.

'కడుపు మండిపోతోంది' అని 'మై స్టమక్ ఈజ్ బర్నింగ్' అంటే మాత్ర ఇస్తారు. 'హార్ట్‌బర్న్' కూడా వాళ్లకు ముందుగా పులితేన్పుల జబ్బే. 'కోల్డ్ ఫీట్' అంటే ఒప్పుకున్న పనికి ముందు జంకడం. కాళ్లు చల్లబడ్డాయని దాన్ని తెలుగు చేస్తే ఇంట్లోవాళ్లు డాక్టర్ని పిలుస్తారు.

అచ్చంగా కలిసేవి కొన్ని ఉన్నాయి, అక్కడ నిశ్చింతగా వాడండి. మొసలి కన్నీరు, నోరు జారడానికి 'స్లిప్ ఆఫ్ ద టంగ్', ఒకే దెబ్బకు రెండు పిట్టలు, నిప్పు లేనిదే పొగ రాదు. 'దూరపు కొండలు నునుపు'కి భావం కలుస్తుంది గానీ వస్తువు మారుతుంది. అక్కడ కొండ కాదు, కంచెకు అవతలి గడ్డి.

ఇక పలకరింపులు. బ్రిటిష్ సహోద్యోగి 'యు ఆల్‌రైట్?' అంటే మీ ఆరోగ్యం గురించి బెంగ కాదు. 'యా, యు?' అంటే సరి. అదే ప్రశ్న అమెరికన్ అడిగితే మీ ముఖం వాడిపోయి కనిపించిందేమో. 'సీ యు లేటర్' అన్నవాళ్లు తర్వాత వస్తారని ఎదురుచూడకండి. మనం వెళ్తూ 'వస్తా' అనడం లేదూ, అలాంటిదే.

---

నిఘంటువుపురుగు:

పైవాళ్లు అర్థాలు చెప్పారు. నేను ఆకారం గురించి చెబుతాను, ఎందుకంటే తెలుగువాళ్ల ఇడియమ్ తప్పుల్లో ఎక్కువ భాగం అర్థంలో ఉండవు, మధ్యలోని చిన్న ముక్కల్లో ఉంటాయి.

మనకు 'ఎ', 'ద' లాంటివి లేవు కాబట్టి అవి జారిపోతాయి: 'ఇట్స్ పీస్ ఆఫ్ కేక్' తప్పు, 'ఎ పీస్ ఆఫ్ కేక్'. పనులు పది ఉన్నా 'పీసెస్' కాదు. 'ఇన్ ద సేమ్ పేజ్' కాదు, 'ఆన్'. 'హెడ్ అప్' కాదు, 'హెడ్స్ అప్', ముందస్తు కబురు ఒక్కటైనా 'ఎ హెడ్స్ అప్' అనే అనాలి. 'కోప్ అప్ విత్'లో 'అప్' దండగ. 'బై హుక్ ఆర్ క్రుక్'లో రెండో 'బై' తప్పనిసరి.

కొన్ని ఎంత గడ్డకట్టి ఉంటాయంటే కర్మణి ప్రయోగం చేస్తే చస్తాయి. 'కిక్డ్ ద బకెట్' అంటే చనిపోయాడు. 'ద బకెట్ వాజ్ కిక్డ్' అంటే ఎవరో నిజంగా బకెట్‌ను తన్నారు. 'స్పిల్ ద బీన్స్' (గుట్టు విప్పడం) అంత బిగుసుకుపోలేదు, 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అన్నా నడుస్తుంది. కారణం ఉంది. 'బీన్స్' అన్నచోట గుట్టు అని, 'స్పిల్' అన్నచోట బయటపెట్టడం అని ముక్కముక్కకీ అర్థం పంచవచ్చు. 'బకెట్' అన్నచోట పెట్టడానికి ఏమీ లేదు. కొత్త నుడికారం ఎదురైనప్పుడు ఈ పరీక్ష చేసి చూడండి. పంచగలిగితే కాస్త అటూఇటూ మార్చుకోవచ్చు, లేకపోతే కాలం తప్ప ఏదీ ముట్టుకోవద్దు. అసలు చావు గురించి బకెట్ ప్రసక్తి వద్దు, అది వెటకారం. సంతాపానికి 'పాస్డ్ అవే'. 'పాస్డ్ అవుట్' అంటే స్పృహ తప్పడం, కాబట్టి '2019లో కాలేజీ నుంచి పాస్డ్ అవుట్' అని రెజ్యూమెలో రాయకండి, 'గ్రాడ్యుయేటెడ్' అనండి.

ఒకే భావానికి రెండు దేశాల్లో ఒక్క మాట తేడా ఉండేవి: సొంత డబ్బా కొట్టుకోవడం బ్రిటన్‌లో 'బ్లో యువర్ ఓన్ ట్రంపెట్', అమెరికాలో 'టూట్ యువర్ ఓన్ హార్న్'. దిష్టి తగలకూడదని బ్రిటన్‌లో 'టచ్ వుడ్', అమెరికాలో 'నాక్ ఆన్ వుడ్'. దాచుకున్న ఇంటి గుట్టుకు చెప్పే 'స్కెలిటన్' (అస్థిపంజరం) బ్రిటన్‌లో 'కబ్బర్డ్'లో, అమెరికాలో 'క్లాజెట్'లో. ఏది అన్నా అర్థమవుతుంది, వీటికి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

వెతికే పద్ధతి: కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువులు మూడూ ఆన్‌లైన్‌లో ఉచితం. అర్థం దగ్గర ఆగకండి, దాని ముందుండే చిన్న గుర్తు చదవండి: 'ఇన్ఫార్మల్', 'ఓల్డ్-ఫ్యాషన్డ్', 'మెయిన్లీ యూకే'. నోట్‌బుక్‌లో అర్థం ఒక్కటే రాసుకుంటే ఉపయోగం లేదు. విన్న పూర్తి వాక్యం, ఎవరు ఎవరితో అన్నారు, ఏ దేశం, ఇవి కూడా రాయండి. వేర్వేరు మనుషుల నోట మూడుసార్లు విన్నాకే మీ నోట రానివ్వండి.

పుట్టుకథలను నమ్మి గుర్తుపెట్టుకునేటప్పుడు చూసుకోండి. పిల్లులు, కుక్కలు గడ్డి కప్పుల మీద పడుకునేవని, వానకు జారి పడేవని 1990ల చివర్లో ఈమెయిళ్లలో తిరిగిన కథ కల్పితం. 1738లో జోనథన్ స్విఫ్ట్ రచనలో 'రెయిన్ క్యాట్స్ అండ్ డాగ్స్' కనిపిస్తుంది, అంతవరకే గట్టిది. ఇప్పుడు కుండపోత వానకు 'ఇట్స్ పోరింగ్' అంటారు.

---

తక్కువమాట:

ఇంత తలనొప్పి ఎందుకండీ? ఇడియమ్స్ వాడనే వాడకుండా సాదా ఇంగ్లిష్ మాట్లాడితే సరిపోదా?

---

నిఘంటువుపురుగు:

తక్కువమాట గారూ, మెయిల్‌లో అయితే మీతో పూర్తిగా ఏకీభవిస్తాను, ముఖ్యంగా జపాన్, జర్మనీ లాంటి చోట్లవాళ్లు కూడా చదివే మెయిల్ అయితే. కానీ వినేటప్పుడు తప్పించుకోలేం. పైగా 'హెడ్స్ అప్', 'టచ్ బేస్' లాంటివి అలంకారాలుగా కాకుండా మామూలు మాటలుగా మారిపోయాయి. గుర్తుపట్టడానికి వందలు కావాలి, వాడటానికి పదిహేనో ఇరవయ్యో చాలు. ఆ రెంటినీ ఒకే జాబితాగా చదివితేనే తలనొప్పి.

---

కొత్తకొలువు:

రేపటికి పంపాల్సిన మెయిల్ ఒకటి ఇలా రాశాను. సరి చేయగలరా? రిపోర్టు చూసి ఒప్పుకోవడం వాళ్ల వంతు.

'జస్ట్ గివింగ్ యు ఎ హెడ్ అప్ దట్ ఐ విల్ బి అవుట్ ఆఫ్ స్టేషన్ ఆన్ ఫ్రైడే. ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ డిజైన్. ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్ ఆన్ ద రిపోర్ట్ అండ్ రివర్ట్ బ్యాక్ బై క్లోజ్ ఆఫ్ ప్లే.'

---

మాటలమూట:

వాక్యక్రమం బాగుంది. మార్చాల్సినవి ఇవి.

'హెడ్స్ అప్' సంగతి పైన వచ్చేసింది. 'అవుట్ ఆఫ్ స్టేషన్' మన దగ్గర తప్ప వాడుకలో లేదు, 'అవే' లేదా 'అవుట్ ఆఫ్ ద ఆఫీస్'. 'డౌట్' చాలా ముఖ్యం. తెలుగులో సందేహం అంటే ప్రశ్న కూడా, అనుమానం కూడా. ఇంగ్లిష్ 'డౌట్'లో అనుమానమే ఉంది. మీ వాక్యం 'నీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదు' అన్నట్టు చేరుతుంది. 'ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ యువర్ డిజైన్' అనండి. 'డూ ద నీడ్‌ఫుల్' ఒకప్పుడు బ్రిటిష్‌వాళ్ల మాటే, వాళ్లు వదిలేశారు, మనం దాచుకున్నాం. తప్పనలేం గానీ ఏం చేయాలో అందులో లేదు, ఆ పని పేరు రాయండి. 'రివర్ట్' అంటే వాళ్లకు పాత స్థితికి వెళ్లడం, కోడ్ విషయంలో చేసిన మార్పు వెనక్కి తీయడం. టెక్ టీమ్‌కు ఈ మాట పంపితే నిజంగానే ఏదైనా తీసేయగలరు. 'రిప్లై' చాలు, 'బ్యాక్' అక్కర్లేదు. న్యూయార్క్‌వాళ్లకు 'క్లోజ్ ఆఫ్ ప్లే' తెలియదు.

మొత్తం ఇలా: 'ఎ క్విక్ హెడ్స్ అప్: ఐ విల్ బి అవుట్ ఆఫ్ ద ఆఫీస్ ఆన్ ఫ్రైడే. ఐ హావ్ వన్ క్వశ్చన్ అబౌట్ యువర్ డిజైన్.' ఇక్కడ ఆ ప్రశ్న రాసేయండి. చివర్లో 'ప్లీజ్ అప్రూవ్ ద రిపోర్ట్ అండ్ రిప్లై బై ఫైవ్ పీఎం లండన్ టైమ్ ఆన్ థర్స్‌డే.' గురువారం పక్కన తేదీ, నెల పేరుతో.